పరుగు పందెంలో వయసు తేడా: కంప్లైంట్ ఇయ్యాల్నా వద్దా?

మిట్టపొలం పీఈటీ:
అందరికీ నమస్తే. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేస్తాండా. స్కూలు పేరు ఊరు పేరు రాయను, అడగొద్దండి. మొన్న జిల్లా సెలెక్షన్స్ కి నా దగ్గర ఎనిమిదో తరగతి చదివే పాపని తీస్కపోయినా, అండర్-14, 600 మీటర్లు. ఈ పాప పొద్దున ఐదున్నరకి చెరువు కట్ట మీద పరిగెత్తి, ఇంటికి పోయి నాలుగు బిందెలు నీళ్లు మోసి, మళ్ళ బడికొస్తాది. మా స్కూలు గ్రౌండ్ అంటే గరుసు నేల, వానొస్తే పల్లేరు కాయలు, లేన్లు నేనే సున్నంతో గీస్తా, ఆ సున్నం కూడా ఊర్లో ఇల్లు కట్టుకునేటోళ్లని అడిగి తెచ్చిందే.

ఆ రోజు పాపకి స్పైక్స్, అంటే అడుగున ముల్లులుండే రన్నింగ్ షూ, లేవు. పక్క స్కూల్ సార్ ని అడిగి ఒక జత తెస్తే రెండు సైజులు పెద్దవి, ముందర పేపర్ ముక్కలు కుక్కినం. సగం దూరం పోయినాక ఎడమ కాలిది ఊడిపోయింది. ఒక కాలికి షూ, ఒక కాలు ఉట్టిది, అట్లనే పరిగెత్తింది. మూడో ప్లేస్. అక్కడ స్టేట్ కి తీసుకునేది మొదటి ఇద్దరినే.

ఫస్ట్ వచ్చిన పాప చూస్తేనే పదహారేండ్ల పిల్ల, సర్టిఫికెట్లో మాత్రం పదమూడు. రెండో పాప టౌన్లో ఏదో అకాడమీ, వాళ్ల నాయన కారులో తెచ్చినాడు, బ్యాగ్ లో రెండు జతల స్పైక్స్. వయసు మీద నేను రాసిస్తే మా పాప రెండో ప్లేస్ కి వస్తాది. ఇంకా టైముంది. రెండు రోజుల్నుంచి నిద్ర పట్టక ఇక్కడ రాస్తాండా.

రూల్ బుక్:
ఇయ్యాల సార్. ఇందులో నిద్ర పట్టకపోయేదేముంది. నేను ప్రొద్దుటూరు వైపు పదేండ్లు కబడ్డీ రెఫరీగా చేసినా. సీనియర్ మగోళ్లకి 85 కిలోలు దాటితే మ్యాట్ మీదకి రానియ్యం. ఒకసారి ఒకడు అర కిలో ఎక్కువొస్తే, మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకొని గ్రౌండ్ చుట్టూ తిరిగి చెమట్లు కార్చి మళ్ళ వచ్చి తూకం ఎక్కినాడు. వాడు పేదోడా ఉన్నోడా అని తూకం మిషన్ అడగదు. అడగడం మొదలుపెడితే ఆటే ఉండదు.

ఉగ్గాని బజ్జి:
రూల్ బుక్ అన్నా, నీ తూకం మిషన్ కి జిల్లాలో ఒక విగ్రహం పెట్టాల 😀 అది సరే గానీ సార్, షూ ఊడిపోయినా మూడో ప్లేస్ అంటే ఆ పాప మామూల్ది కాదు.

బెంగళూరు బస్సు:
నాది కదిరి, బెంగళూరులో జాబ్. కొంచెం వేరే మాట చెప్తా, తిట్టుకోకండి. షూ లేదు గ్రౌండ్ లేదు అని మనం ఎంతకాలం చెప్పుకుంటాం? 1960 రోమ్ ఒలింపిక్స్ లో ఇథియోపియా అబెబె బికిలా ఉట్టి కాళ్లతో మారథాన్ కొట్టాడు. నేను కూడా గవర్నమెంట్ హాస్టల్లో చదివే వచ్చాను. టాలెంట్ ఉన్నోడు ఎట్లయినా బయటికొస్తాడు. కడప జిల్లా శ్రీచరణిని చూడండి, ఎక్కడో వీరపునాయునిపల్లె మండలం నుంచి పోయి 2025 మహిళల క్రికెట్ వరల్డ్ కప్ గెలిచిన టీంలో మెయిన్ స్పిన్నర్లలో ఒకరు.

వన్ డౌన్:
బికిలా కథ సగం చెప్పి ఆపేస్తారు అందరూ. అదే బికిలా 1964 టోక్యోలో షూ వేసుకుని పరిగెత్తాడు, అది కూడా అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే. రోమ్ లో 2 గంటల 15 నిమిషాలు, టోక్యోలో 2 గంటల 12 నిమిషాలు. షూ దొరికినప్పుడు ఆయన కూడా షూనే వేసుకున్నాడు బ్రో, ఉట్టి కాళ్లు గొప్ప అని పట్టుకుని కూర్చోలేదు.

షూ అంత చిన్న విషయమైతే 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ వాళ్లు రోడ్డు రేసుల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల గట్టి ప్లేటు ఒకటికి మించకూడదు అని రూల్ ఎందుకు తెచ్చారు? ఈతలో ఒళ్లంతా కప్పే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ సూట్లు వేసుకుని 2008, 2009లో రికార్డుల మీద రికార్డులు కొట్టేస్తే 2010 నుంచి ఎందుకు బ్యాన్ చేశారు? ఉన్నోడు ఉన్నోడు పోటీ పడేచోట కొంచెం తేడా వస్తే వెంటనే రూల్ వస్తది. లేనోడు పేపర్ ముక్కలు కుక్కుకుని పరిగెత్తితే మాత్రం అది ఇన్‌స్పిరేషన్ స్టోరీ. రీల్ చేసి వెనక మ్యూజిక్ పెడతారు.

కడప కబుర్లు:
శ్రీచరణి మా జిల్లా పిల్ల, ఆ ఫైనల్ రోజు రాత్రి మా వీధిలో టపాకాయలు చూస్తే దీపావళి మళ్ళొచ్చిందేమో అనుకున్నాం. గెలిచినాక రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇచ్చింది మంచిదే, ఎవరూ కాదనరు. కానీ సార్ చెప్పిన పాపకి కావల్సింది రెండు మూడు వేల స్పైక్స్. అవి గెలవకముందు కావాల. గెలిచినాక ఎవరైనా ఇస్తారు, మా మామ కూడా సన్మానం చేసి శాలువా కప్పుతాడు, ఫోటో పేపర్లో రావాల అంతే.

బెంగళూరు బస్సు అన్నకి ఒక ప్రశ్న. నీ హాస్టల్లో నీ బ్యాచ్ ఎంతమంది? నీలాగ జాబ్ కొట్టింది ఎంతమంది?

బెంగళూరు బస్సు:
నలభై మంది దాకా. ముగ్గురం. మిగతా వాళ్లు చదవలేదు, నేను చదివాను.
ఎడిట్: ఈ మాట రాసినాక ఒకడు గుర్తొచ్చాడు, నాకన్నా బాగా లెక్కలు చేసేవాడు. టెన్త్ పరీక్షల ముందు వాళ్ల నాయన పోతే సేద్యానికి పోయాడు, వేరుశనగ. సరే, అది వేరే విషయం.

ఉగ్గాని బజ్జి:
అది వేరే విషయం కాదు సామీ, అదే విషయం.

నేనొకటి అడుగుతా. ఐపీఎల్ లో 2025 ఆక్షన్ కి పది టీములకీ తలా 120 కోట్లే పర్సు. ముంబై ఓనర్ తలుచుకుంటే పది టీములకయ్యే ఖర్చు తనే పెడతాడు, కానీ పెట్టనియ్యరు. ఎందుకంటే ఒకే టీం ప్రతి ఏడూ గెలిస్తే మ్యాచ్ చూసేటోడు ఉండడు, యాడ్లు రావు. వ్యాపారం కోసం సమానత్వం తెచ్చారు, ధర్మం కోసం కాదు. మన బళ్ల సంగతికొచ్చేసరికి ఎవరి పర్సు వాళ్లదే. ఏం, ఇక్కడ ఒకే టీం గెలుస్తాంటే చూసేటోల్లకి బోర్ కొట్టదా?

రూల్ బుక్:
బాగా మాట్లాడతాండారు. కానీ సార్ అడిగింది వయసు గురించి. స్పైక్స్ గురించి కాదు, ఐపీఎల్ గురించి కాదు. పదహారేండ్ల పిల్ల పదమూడేండ్ల పిల్లతో పరిగెత్తడం మోసం. అవునా కాదా?

లెక్కల మేడం:
అనంతపురం నుంచి, 22 ఏళ్లుగా హైస్కూల్లో మ్యాథ్స్. వయసు గురించే చెప్తాను. కరెక్ట్ వయసు రాసుకున్న పిల్లల మధ్యలో కూడా తేడా ఉంటుంది. కెనడాలో ఐస్ హాకీ పిల్లల జాబితాలు చూసి 1980ల్లోనే పట్టుకున్నారు, అక్కడ వయసు లెక్కేసే కటాఫ్ తేదీ జనవరి 1. సెలెక్ట్ అయిన పిల్లల్లో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన వాళ్లే ఎక్కువ, డిసెంబర్ పిల్లలు చాలా తక్కువ. ఎందుకంటే పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. పెద్దగా ఉన్నవాణ్ని కోచ్ తీసుకుంటాడు, తీసుకున్నవాడికి ఎక్కువ ప్రాక్టీస్, మరుసటేడు వాడు నిజంగానే మెరుగవుతాడు. అప్పుడు అందరూ టాలెంట్ అంటారు. ఎవరూ మోసం చేయలేదు, రూల్ పక్కాగా పాటించారు, అయినా డిసెంబర్ పిల్లవాడు బెంచి మీద కూర్చున్నాడు.

ఇక మన దగ్గర పుట్టినరోజుల సంగతి. నా క్లాస్ రిజిస్టర్ తీస్తే సగం మందికి జూన్ నెలే. అంత మంది పిల్లలు జూన్లో పుట్టారా? బళ్లో చేర్చే రోజు హెడ్మాస్టర్ వేసిన తేదీ అది. తల్లిని అడిగితే "ఆ ఏడు కాయ బాగా పండింది సార్" అంటుంది, సార్ ఐదేళ్లు వెనక్కి లెక్కేసి ఏదో ఒక తేదీ రాస్తారు. పీఈటీ సార్, మీ పాప డేట్ ఆఫ్ బర్త్ ఎవరు రాశారో ఒకసారి చూడండి.

స్కానింగ్ సెంటర్:
కర్నూల్లో ఎక్స్‌రే టెక్నీషియన్ ని. బీసీసీఐ వాళ్లు అండర్-16 పిల్లోల్లకి 2012 నుంచి బోన్ టెస్ట్ పెడతాండారు, టీడబ్ల్యూ3 అంటారు, ఎడమ చేయి మణికట్టు దగ్గర ఫిల్మ్ తీసి ఎముకల మధ్య ఉండే మెత్తటి భాగం ఎంత కలిసిపోయిందో చూస్తారు. సర్టిఫికెట్ అబద్ధం చెప్తాది గానీ ఎముక చెప్పదు అని అందరూ అంటారు. పూర్తి నిజం కాదు అది. తిండి సరిగ్గా లేని పిల్లలకి ఎముక వయసు అసలు వయసు కంటే తక్కువ చూపిస్తాది, బాగా తినే పిల్లలకి ముందే ఎదుగుతాది. కారులో వచ్చిన పాపకి తీస్తే వయసు ఎక్కువ రావచ్చు కూడా, అప్పుడేం చేస్తారు 🙂 చేతులు చూస్తానే ఉంటా రోజూ, పత్తి తీసే పిల్లల వేళ్ల కొసలు ఫిల్మ్ లో కనపడవు గానీ ప్లేటు మీద పెట్టేటప్పుడు కనపడతాయి.

వన్ డౌన్:
ఇంకోటి. మనిషి ఒంట్లోనే ఉండే తేడా సంగతేంటి? ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటా అని, 1960ల్లో ఒలింపిక్స్ లో ఏడు మెడల్స్. తర్వాత తేలింది ఏంటంటే వాళ్ల కుటుంబంలోనే ఒక జన్యువు తేడా, ఒంట్లో ఎర్ర రక్తకణాలు మామూలు కంటే చాలా ఎక్కువ. ఆయన మెడల్స్ ఎవరూ వెనక్కి తీసుకోలేదు, దేవుడిచ్చిన వరం అన్నారు. అదే మన రన్నర్ ద్యుతీ చంద్ కి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఎక్కువ అని 2014 కామన్వెల్త్ గేమ్స్ ముందు పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయి స్పోర్ట్స్ కోర్టుకి పోయి 2015లో ఆ రూల్ ని ఆపించుకుని మళ్ళీ ట్రాక్ ఎక్కింది.

రూల్ బుక్:
ఆడోళ్ల కేటగిరీ అని ఒకటి ఉన్నప్పుడు గీత ఎక్కడో ఒకచోట గీయాల కదా తమ్ముడూ. గీయకపోతే నష్టపోయేది మిగతా ఏడు లేన్ల ఆడపిల్లలే.

వన్ డౌన్:
గీయాల. కాదనట్లే. గీసేవాడు ఎవరు, ఎవరిని నిలబెట్టి గీస్తున్నాడు అన్నదే నా బాధ.

కడప కబుర్లు:
గీత అంటే గుర్తొచ్చింది. పాల్వంకర్ బాలూ అని వందేండ్ల కిందట లెఫ్ట్ ఆర్మ్ స్పిన్నర్, దళితుడు. పూణేలో గ్రౌండ్ పని చేస్తా నెట్స్ లో తెల్లోళ్లకి బౌలింగ్ వేసి నేర్చుకున్నాడు. అప్పుడు మతాల వారీగా టీములు, హిందూ టీంలోకి తీసుకున్నారు, వికెట్లు కావాల కదా. కానీ టీ బ్రేక్ లో మిగతా వాళ్లకి లోపల పింగాణీ కప్పులు, ఆయనకి బయట మట్టి ముంత. 1911లో ఇంగ్లండ్ టూర్ పోయి వందకు పైన వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్సీ ఇయ్యలేదు. ఆయన తమ్ముడు విఠల్ కి 1923లో ఇచ్చారు, అది కూడా గొడవ జరిగినాకనే. బంతి ముట్టుకుంటే మైల లేదు, కప్పు ముట్టుకుంటే మైల.

మా అవ్వ వాళ్ల ఊర్లో హోటల్ బయట చూరుకి రెండు గ్లాసులు వేలాడేవి, మా నాయన చెప్తాడు. ఆ హోటల్ ఓనర్ కొడుకు, మా నాయన ఒకే వాలీబాల్ టీం. జిల్లాలో కప్పు కొట్టుకొచ్చిన రోజు కూడా టీ బయటే తాగినాడంట.

ఉగ్గాని బజ్జి:
...

బెంగళూరు బస్సు:
ఇప్పుడు అట్ల లేదు కదా బ్రో.

కడప కబుర్లు:
గ్లాసులు లేవు. పేపర్ కప్పులొచ్చాయి, అందరికీ ఒకటే.

పద్మావతి సెకండ్ సెటప్:
ఆడపిల్లల గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను రాస్తా, నేను యూనివర్సిటీ లెవెల్ వాలీబాల్ సెట్టర్ ని, పెండ్లయినాక ఆట లేదు. 2022 అక్టోబర్లో బీసీసీఐ మ్యాచ్ ఫీజు ఆడ మగ సమానం అనగానే మా ఆయన స్వీట్ తెచ్చినాడు. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3, ఇద్దరికీ ఒకటే. బాగుంది. కానీ 2024-25 కాంట్రాక్ట్ లిస్ట్ చూస్తే మగోళ్ల టాప్ గ్రేడ్ ఏడాదికి 7 కోట్లు, ఆడోళ్ల టాప్ గ్రేడ్ 50 లక్షలు. పైగా ఆడోళ్లకి టెస్టులు ఏడాదికి ఒకటో రెండో, ఫీజు సమానమైతే ఏం లాభం, మ్యాచ్ ఉంటే కదా. మా ఇంట్లో కూడా అంతే, నాకూ ఆయనకీ ఆదివారం ఒకటే, ఆయనకి గ్రౌండ్, నాకు దోశ పిండి.

మిట్టపొలం సార్, ఆ పాప నీళ్లు మోసేది కూడా ట్రైనింగే అని ఎవరైనా అంటే నాకు చెప్పండి, వచ్చి మాట్లాడతా.

తుంగభద్ర గట్టు:
ఇప్పుడే మొత్తం చదివినా. మాది కోసిగి పక్క. ఫస్ట్ వచ్చిన పాప గురించి ఎవరూ అడగలేదు, మోసం అని తేల్చేసినారు. సార్, ఆ పాప ఏ మండలం?

మిట్టపొలం పీఈటీ:
మీ పక్కదే.

తుంగభద్ర గట్టు:
అనుకున్నా. అయితే వినండి. మా పక్క దసరా దీపావళి దాటితే ఊర్లు ఖాళీ, సుగ్గికి పోతారు. గుంటూరు పక్క మిరపకోతలకి. ఇండ్లకి తాళాలు, ముసలోల్లు మాత్రం అరుగుల మీద. లారీలో సామాన్లు, సామాన్ల మీద పిల్లోల్లు. మల్ల ఎండాకాలం ముందర వస్తారు. సీజనల్ హాస్టల్స్ ఉన్నాయి, కొందరు అక్కడ వదిలిపెడతారు, కానీ ఆడపిల్లని వదిలిపోయేదానికి భయం, పైగా చిన్న తమ్ముణ్ని ఎవరు చూసుకోవాల? నేను కూడా అట్లనే మూడో తరగతి రెండుసార్లు, ఐదో తరగతి రెండుసార్లు చదివినోణ్ని. మిరపకాయ కోసిన చేత్తో కండ్లు తుడుచుకుంటే రెండు రోజులు పుస్తకం చూడలేం, అది తెలుసునా ఎవరికైనా.

మల్ల బళ్లో చేర్చేటప్పుడు ఏం చేస్తారంటే క్లాసుకి సరిపడే వయసు రాస్తారు. పదేండ్ల పిల్ల మూడో తరగతిలో కూర్చుంటే బాగుండదని ఎనిమిది రాస్తారు. అది మంచికోసం రాసింది. నా సర్టిఫికెట్లో కూడా నేను రెండేండ్లు చిన్నోణ్ని. దాన్ని మోసం అంటే మా మండలంలో సగం మంది దొంగలే.

రూల్ బుక్:
నీ కష్టం కాదనను అబ్బీ. కానీ నీ కష్టం వల్ల సార్ వాళ్ల పాప ఎందుకు ఓడిపోవాల? ఆ పాప కూడా లేనోల్ల పిల్లే కదా. ఇద్దరు లేనోల్లని ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పి, కారులో వచ్చిన పాప హాయిగా స్టేట్ కి పోతాది, ఆమె మీద మాత్రం ఒక్కరికీ కంప్లైంట్ లేదు. ఆ పాపది తప్పని కాదు. అన్నీ రూల్ ప్రకారమే ఉన్నాయి ఆమెవి.

ఉగ్గాని బజ్జి:
రూల్ బుక్ అన్న నోట ఈ మాట వస్తాదని అనుకోలేదు. స్క్రీన్ షాట్ తీసి పెట్టుకున్నా.

లెక్కల మేడం:
మా అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) గ్రౌండ్లో సాయంత్రం పోయి చూడండి, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు క్రికెట్, హాకీ ఆడుతుంటారు. నార్పల మండలం నుంచి బారెడ్డి అనూష అట్ల ఆడే 2023లో ఇండియా టీంలోకి వెళ్లింది. 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ కూడా అక్కడే పెట్టారు, రాకెట్ అంటే దోమల బ్యాట్ అనుకునే పిల్లలకి టెన్నిస్. గ్రౌండ్, కోచ్, తిండి ఒకచోట పెడితే ఏమవుతుందో అక్కడ కనపడుతుంది. కానీ కోసిగి నుంచి అనంతపురం ఎంత దూరం. పిల్లకి దగ్గర్లో ఏముంది అన్నదాన్ని బట్టి దాని తలరాత ఉంటోంది.

పీఈటీ సార్ రిజిస్టర్ చూశారా?

మిట్టపొలం పీఈటీ:
మూడు రోజులు రాయలేదు, సారీ. మేడం అడిగినాక రిజిస్టర్ తీసినా. మా పాపది కూడా జూన్ నెలే. తారీఖు మీద వైట్నర్ పూసి మల్ల రాసినట్టుంది. వాళ్లమ్మ దగ్గరికి పోయినా, రొట్టెలు తడతాంది. ఈ పాప ఎప్పుడు పుట్టిందమ్మా అంటే చేత్తో పిండి దులుపుకొని "ఉరుకుంద ఈరన్న జాతరప్పుడు సార్, కాన్పు రోజు వాళ్ల నాయన జాతరలోనే ఉండె" అనింది. ఏ ఏడు అని అడిగి, పక్కింటోల్ల పాప ఎప్పుడు పుట్టింది, బోరు ఎప్పుడు ఎండింది, అన్నీ కలిపి లెక్కేస్తే, రిజిస్టర్లో ఉన్నదానికన్నా దాదాపు పది నెలల ముందర. ఆ లెక్కన మా పాప కూడా అండర్-14 దాటి నాలుగు నెలలాయె.

మల్ల ఫస్ట్ వచ్చిన పాప వాళ్ల పీఈటీకి ఫోన్ చేసినా. తుంగభద్ర అన్న చెప్పిందే. రెండు సుగ్గులు బడి లేదు. ఆ పాప పుట్టింది కూడా గుంటూరు పక్క చేను గట్టు మీద గుడిసెలో, బర్త్ సర్టిఫికెట్ లేదు. పరిగెత్తడం ఎట్ల నేర్చుకుంది అంటే ఆ సార్ నవ్వినాడు, నేర్పింది నేను కాదు, కల్లంలో పందుల్ని తరిమేది అన్నాడు.

కంప్లైంట్ రాయలేదు. గడువు నిన్నటితో అయిపోయింది. మా పాప మాత్రం ఒకటే అడుగుతాంది, "నాకంటే పెద్దక్క అని మీరే అన్నారు కదా సార్, మరి నేనేమో మూడో ప్లేస్ ఎందుకు" అని. ఏం చెప్పాలో తెలీక వచ్చే ఏడు అండర్-17 పరిగెత్తుదాం అన్నా. దానికి ఇంకా పెద్దోల్లుంటారు అనింది.

పద్మావతి సెకండ్ సెటప్:
స్పైక్స్ నేను కొంటా. సైజు చెప్పండి.

బెంగళూరు బస్సు:
నేను కూడా వేస్తా. సైజు చెప్తే ఇక్కడ ఆన్‌లైన్లో ఆర్డర్ పెడతా సార్, అడ్రస్ ఇక్కడ పెట్టకుండా ప్రైవేట్ గా పంపండి.

రూల్ బుక్:
డబ్బులు నేనూ వేస్తా. కానీ కంప్లైంట్ ఇయ్యకపోవడం తప్పే అని ఇప్పుడు గూడా అంటా. రేపు నిజంగా కావాలని వయసు దొంగిలించేటోడు ఒకడొస్తాడు, వాడు ఇదే కథ చెప్తాడు, అప్పుడేం చేస్తారు సార్?

మిట్టపొలం పీఈటీ:
తెలీదు అన్నా. అయితే ఒక జత కాదు, రెండు కావాల, ఆ పాపకి కూడా లేవు, స్టేట్ కి ఉట్టి కాళ్లతో పోతాందంట. సైజు నెంబర్లు ఈ పిల్లోల్లకి తెలీవు, చెప్పులు కూడా సంతలో వేసి చూసి కొనేదే. రేపు పొద్దున పేపర్ మీద పాదం పెట్టిచ్చి పెన్సిల్ తో గీసి పంపుతా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తా.